మరో అర చుట్టు

ఆయన్ని అందరూ ఉడుం అనే పిలిచేవారు. పట్టు అలాంటిది మరి! ఆయన బిగించిన నట్టు విప్పాలంటే పానాకి ఇద్దరు వేలాడాలి. కరెంటు ఆఫీసులో ముప్ఫై ఏళ్లు ట్రాన్స్‌ఫార్మర్ల మీదే గడిపాడు. వదులు బోల్టు వేడెక్కుతుంది, వేడెక్కింది తగలబడుతుంది అని రోజుకు పదిసార్లు అనేవాడు. నిజమే. కానీ తెగేదాకా లాగకూడదన్న మాటా నిజమేగా! అది మాత్రం ఆయన చెవికెక్కలేదు.

బావమరిది కూడా మూడేళ్లుగా ఆయన జట్టులోనే. బక్కపలచటి మనిషి, తాత్కాలిక ఉద్యోగం. రేపోమాపో పర్మనెంటు ఆర్డరు రావాలి. అతను టార్క్ రెంచ్‌తో బిగించేవాడు. ఎంత బిగువు కావాలో ముందే సరిచేసి పెడితే, అంత రాగానే అది టక్కుమంటుంది. అక్కడితో ఆపెయ్యాలి.

"టక్కుమంటే అయిపోయినట్టేనా? చేతిలో సత్తువ ఉండాలిరా!" అని ఉడుం వేళాకోళం చేసేవాడు.

ఆ ఉదయం మార్కెట్టు వీధి ట్రాన్స్‌ఫార్మర్ తగలబడింది. కేబుల్ కాలి, నూనె కారి, పక్క గోడంతా మసి. అదృష్టం కొద్దీ మనుషులకేం కాలేదు. రెండు నెలల కిందట దాని మరమ్మతు చేసింది బావమరిదే.

"వదులుగా వదిలేశావు. ఇక పర్మనెంటు మాట మరిచిపో" అంది చూడటానికొచ్చిన ఇంజనీరమ్మ.

"లేదు మేడం! ప్రతి నట్టూ టక్కుమన్నాకే దిగాను. మా అక్క మీద ఒట్టు!"

వదులా? ఉడుంకి ఒళ్లు మండింది. వదులయ్యే ప్రసక్తే లేదని ఆయనకు తెలుసు. ఎందుకో కూడా తెలుసు. సరఫరా ఆపించి, ఎర్తు వేయించి, నిరూపిస్తానని పైకెక్కాడు.

కాలిన నట్టు బొగ్గులా నల్లబడింది. పక్క నట్టు మీద, బిగించాక గుర్తుగా గీసిన పసుపు రంగు గీత చెక్కుచెదరలేదు. అది ఆయన గీతే. పానా తగిలించాడో లేదో, నట్టు గిర్రున తిరిగి వేళ్లలోకి ఊడొచ్చింది. దాంతోపాటు ఇత్తడి రజను రాలింది. లోపల మర, అదే థ్రెడ్డంతా, చెరిగిపోయింది. మూడోదీ అంతే.

మరమ్మతు రోజున బావమరిది టీకి వెళ్లగానే పైకెక్కి, ప్రతి నట్టుకీ మరో అర చుట్టు వేసి, గీత గీసింది తనే! పాపం బక్కవాడు, రేపు మాట పడకూడదని చేసిన పని. ఛీ, ఎంత పని చేశాను అనుకున్నాడు. ఊడిన నట్టు పట్టుకుని నిచ్చెన దిగాడు.

ఇంజనీరమ్మ కాగితం చాపింది. "పనివాడి నిర్లక్ష్యం అని రాశాను. సాక్షిగా సంతకం పెట్టండి."

పెడితే ఎవరికీ తెలియదు. ఉడుం చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు.

"వీడు సరిగ్గానే బిగించాడు మేడం. తర్వాత నేను ఎక్కి ఇంకా బిగించాను. థ్రెడ్డు చెరిగి పట్టు వదిలింది నావల్లే."

ఆవిడ నోరు తెరిచి చూసింది. "ఈ ఒక్కదానికేనా?"

"వీడు చేసిన ప్రతిదానికీ."

"అయ్యో రామా! అవన్నీ విప్పి చూడాల్సిందే!" అంటూ ఆవిడ కాగితంలో బావమరిది పేరు కొట్టేసింది. ఉద్యోగం నిలబడింది. కానీ అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"మూడేళ్ల నుంచీనా బావా?" అన్నాడు. "అంటే ఊరు మొత్తంలో నేను బిగించిన నట్టు ఒక్కటి కూడా లేదన్నమాట."