బుట్టలో పెట్టి మొక్కిన చీర

నాకు మొదటినుంచీ నోరెక్కువే. వనపర్తిలో మా అమ్మ చెప్పీ చెప్పీ విసిగిపోయి, నన్ను గద్వాలలో నేతగాళ్ల ఇంటికిచ్చి చేతులు దులుపుకుంది.

ఆ రోజుల్లో ఎక్కడో యుద్ధమట. మాకు తెలిసిందల్లా బజారుకు జరీ, పట్టు రావడం లేదని. మగ్గాలు ఒక్కొక్కటే నిలిచిపోయాయి. మా వీధి మగవాళ్లు షోలాపూర్ మిల్లులకు బయలుదేరుతుంటే మా ఆయన కూడా పోతానన్నాడు. అట్లా పోయినవాళ్లు పండగలకు కూడా రాని ఇళ్లు నేను చూశాను. నాకు అన్నం సహించలేదు.

"ఉత్త నూలుతోని నెయ్యరాదా?" అని మా ఆయనను అడిగాను. చుట్టుపక్కల పల్లెల్లో వడికిన ముతక నూలు దొరుకుతూనే ఉంది.

మా అత్త నన్ను ఎగాదిగా చూసింది. "జరీ లేనిది గద్వాల చీర ఎట్లయితది? మా ఇంట్ల గసొంటిది ఎన్నడు నెయ్యలే. నలుగురు నవ్వుతరు."

"ఎన్నడు నెయ్యలేదని నీకెట్ల తెలుసు అత్తమ్మా? పాత చీర ఒక్కటన్న చూసినవా?"

నేతగాళ్ల ఇంట్లో పాత చీరలెక్కడుంటాయి? మగ్గం దిగీ దిగగానే అమ్మకానికి పోతాయి. మా ఇంట్లో మిగిలింది ఒక్క పెద్దల చీర. మా అత్తకు అత్త తన పెళ్లికి కట్టుకున్నది. ఆమె పోయాక పసుపు గుడ్డలో మూటగట్టి బుట్టలో పెట్టారు. ఏటా పెద్దల అమాసనాడు ఆ మూటకు కుంకుమ పెట్టి మొక్కడమే తప్ప ఎవరూ విప్పరు. విప్పితే ఇంటికి అరిష్టమని నమ్మకం.

"గా మూట ఇప్పి చూద్దాం" అన్నాను. మా అత్త నాతో మాట్లాడడం మానేసింది.

మా ఆయన బట్టలు సర్దుకున్న పొద్దున మాత్రం, తలస్నానం చేసి వచ్చి, తనే బుట్ట దించింది. "కొడుకు ఇల్లిడిసి పోతుంటే ఇంకేం అరిష్టం మిగిలింది" అని గొణుక్కుంటూ ముడి విప్పింది.

ఆ చీరలో జరీ పోగు ఒక్కటి లేదు. అంతా నూలే. చీరకు అంచు కలిసేచోట ఎర్రదారంతో, కోటగోడ మీది పళ్లలాంటి కోటకొమ్మలు, గోపురాలు బారులు తీరి ఉన్నాయి. ఇన్నేళ్లూ జరీ లేని చీరకు దండం పెడుతూ, జరీ లేకపోతే పరువు పోతుందనుకున్నామా అని నాకు నవ్వొచ్చింది. మా అత్త ముఖం చూసి మింగేశాను. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. మా ఆయన సంచీ పక్కనపెట్టి ఆ కొమ్మల పోగులు లెక్కపెడుతూ కూర్చున్నాడు.

ఆ రోజు ప్రయాణం వాయిదా వేసుకుని మా ఆయన అదే నమూనాతో నేసిన చీరలను మానవపాడు రైతుల ఇళ్ల ఆడవాళ్లు తీసుకున్నారు. "చేన్ల కట్టుకున్నా ఆగుతది, పండగకు కట్టుకున్నా నిండుగుంటది" అన్నారు. మా వీధిలో మరికొన్ని మగ్గాలు కదిలాయి.

షోలాపూర్ పోయేవాళ్లు మళ్లీ పిలవడానికి వచ్చినప్పుడు, మా ఆయన మగ్గం మీదినుంచి లేవకుండానే "నేను రాను" అన్నాడు. పొయ్యి దగ్గరున్న నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

మా అత్త అది కనిపెట్టి, "నా కొడుకును ఆపింది మా అత్త. నువ్వని మురవకు" అంది.

నోరెక్కువదాన్నే అయినా అప్పుడు ఎదురు చెప్పలేదు. ఏ అత్త ఆపితేనేం, మా ఆయన ఇంట్లో ఉన్నాడు.