ఆ ముక్కు వంకర నాదే

మా కోనసీమలో విగ్రహం చేయించాలంటే కొత్తపేట వెళ్లాలండి. ముందు మట్టితో చేసి, తడిగుడ్డ కప్పి ఉంచుతారు. ఇంట్లోవాళ్లొచ్చి "ఆయ్, మా వాడే" అంటేనే అచ్చు తీస్తారు.

మా నేస్తం విగ్రహం చూడ్డానికి, నేను పిన్నిగారూ అని పిలిచే వాళ్లమ్మగారిని నా అరటిగెలల ఆటోలోనే తీసుకెళ్లేను. వాడు కబడ్డీలో రాష్ట్ర ఛాంపియన్. ఆ ఆటే వాణ్ణి మిలట్రీలో చేర్చింది. యుద్ధమొచ్చింది, సరిహద్దులో పోయేడు.

శిల్పిగారు గుడ్డ తీసేరు. టోపీ, మీసం, గుండీలు, అన్నీ ఉన్నాయి. పిన్నిగారు అటోసారి ఇటోసారి తిరిగి చూసేరు.

"బాగుంది బాబూ. మా వాడు మాత్రం కాదు."

"ఏం తేడా అండీ?"

"చెప్పలేను. ఎవరో పెద్దింటి అబ్బాయిలా ఉన్నాడు."

పాపం ఆయన తప్పేముంది? మేమిచ్చింది ఫ్లెక్సీ షాపువాళ్లు నున్నగా దిద్దిన ఫోటో. పిన్నిగారు నాకేసి తిరిగి, "ఇలాగే పోతపోసేస్తే రోజూ సెంటర్లో ఎవరి బిడ్డనో చూసుకోవాల్రా" అన్నారు.

తేడా ఏంటో నాకు తెలుసు. అదే చిక్కు.

ఎనిమిదిలో నేను బడి మానేస్తే లెక్కల మాస్టారు కొబ్బరికాయ కొట్టేరు. వాడు మాత్రం బడి వదలగానే ప్యాంటు మడుచుకుని కాలవగట్టు ఇసకలోకి నాతో ఆటకొచ్చేసేవాడు. వాడు కూతకొస్తే పట్టడం ఎవరి తరం? పోతూ పోతూ నా నెత్తిన మొట్టికాయ వేసి, "రేపు పట్టుకుందువుగాన్లే మావా, ఇవాళ్టికి పడుకో" అనేవాడు. ఓ రోజు ఒళ్లు మండి మడమ పట్టి లాగేను. వాడి ముక్కొచ్చి నా మోకాలికి తగిలింది. జన్మలో నేను వాణ్ణి ఔట్ చేసింది అదొక్కసారే. రక్తం కారుతున్నా నవ్వుతూ, "అమ్మకి చెప్పకు, నిన్ను గుమ్మం ఎక్కనివ్వదు. కొబ్బరిమట్ట మీద పడిందందాం" అన్నాడు.

మాకు కొబ్బరిచెట్టంటే కొడుకుతో సమానం. పిన్నిగారు మర్నాడే మనిషిని పెట్టి పెరట్లో చెట్టు కొట్టించేసేరు. మేమిద్దరం నోరు మెదపకుండా కూర్చుని దాని తలలోని తెల్లటి లేత మొవ్వు తిన్నాం. చాలా తియ్యగా ఉందండి.

"పిన్నిగారూ, ముక్కు ఎడమకి వంగాలండి" అన్నాను. "వంచింది మట్ట కాదు. నేనే."

ఆవిడ విగ్రహాన్నొదిలి నాకేసొచ్చేరు.

"కాపు మీదున్న చెట్టురా, వెధవా!" అని వీపు మీద ఒక్కటిచ్చేరు. గెలలు మోసిన వీపే, అయినా చుర్రుమంది. రెండోది ఎత్తిన చెయ్యి నా భుజం మీద అలాగే ఉండిపోయింది.

తర్వాత కళ్లు తుడుచుకుని, "వీణ్ణి దిద్దనివ్వండి బాబూ. ఎంత వంకరో విరిచినవాడికే తెలుస్తుంది" అన్నారు.

బొటనవేలు తడుపుకున్నాను. ఈసారి మెల్లిగా నొక్కేను.

"ఇంకాస్త."

ఇంకాస్త నొక్కేను.

"ఆయ్" అన్నారు పిన్నిగారు.