బోర్లించిన గ్లాసు వెనక దొంగ

మొన్న మా ఆఫీసు క్యాంటీన్‌లో, కొత్తగా చేరిన పిల్లలు నలుగురు వింత వింత పాచికలు ముందేసుకుని, యుద్ధం మధ్యలో మనిషి దాక్కోవచ్చా, దాక్కున్నవాణ్ణి శత్రువు కొట్టవచ్చా అని గొంతులు పెంచి వాదించుకుంటుంటే, నేను టిఫిన్ డబ్బా మూత పెట్టడం కూడా మరిచి వాళ్ల పక్కకెళ్లి నిలబడ్డాను. ఒకరు కథ చెబుతూ శత్రువులను నడుపుతుంటే, మిగిలినవాళ్లు తలా ఒక పాత్రగా మారి ఆ కథలో తిరిగే ఆట అది. ఈయనకిక్కడేం పని అన్నట్టు చూశారు. ఆ తగాదాను మేం తొంభైల మొదట్లోనే మిర్యాలగూడలో మా పెద్దమ్మ వాళ్ల డాబా మీద తేల్చేశామని చెబితే వాళ్లు నమ్మరు. మీరు మా ఈడువాళ్లు కనుక నమ్ముతారు.

మాది సూర్యాపేట. అప్పుడు నేను మెకానికల్ డిప్లొమా చదువుతున్నాను. గ్రాఫు కాగితం, వరుస నంబర్లు లేకుండా ఏ పనీ తోచని రోజులవి. కోదాడలో ఉండే మా మేనమామ కొడుకు, అంటే మా అందరికీ బావ, హైదరాబాద్ స్నేహితుడి దగ్గర ఈ ఆట నియమాల జిరాక్స్ కాపీ ఒకటి సంపాదించి వేసవి సెలవుల్లో పట్టుకొచ్చాడు. సగం పేజీలు సరిగా పడలేదు, దాక్కోవడం గురించిన పేజీలైతే మొత్తం నల్లగా వచ్చాయి. ఇరవై ముఖాల పాచిక మా దగ్గర లేదు గనుక తంబోలా బిళ్లల్లో ఒకటి నుంచి ఇరవై వరకు ఏరి గుడ్డసంచిలో వేశాం, తీసిన అంకె ఎంత పెద్దదైతే దెబ్బ అంత గట్టిది. పరిచిన గ్రాఫు కాగితం మీద మనుషులు చింతగింజలు, కోట స్తంభాలు బోర్లించిన స్టీలు గ్లాసులు. పక్కనే రైసుమిల్లు ఉండడంతో కాసేపటికోసారి తవుడు దుమ్ము తుడిస్తేగాని గ్రాఫు గళ్లు కనబడేవి కావు.

కథ చెప్పేవాణ్ణి నేను. బావ విలుకాడు, పెద్దమ్మ కొడుకు మా అన్న కత్తివీరుడు. పెద్దమ్మ కూతురు, మా చెల్లె, అంతకుముందు సెలవులన్నీ మాకు మంచినీళ్లు అందిస్తూ పక్కన నిలబడి చూసింది. ఆ యేడు తననూ చేర్చుకోమని పట్టుబడితే, దాని పాత్ర చచ్చిపోతే మళ్లీ చేర్చుకునేది లేదనే షరతు మీద బావ ఒప్పుకున్నాడు. చెల్లె దొంగ పాత్ర తీసుకుంది, ఆ చింతగింజను తన గాజుకంటే భద్రంగా చూసుకుంది.

గొడవ బావతో మొదలైంది. స్తంభం చాటు నుంచి తొంగిచూసి బాణం వెయ్యడం, మళ్లీ అదే చాటుకు పోవడం, దాక్కున్నాను గనుక నన్నెవరూ కొట్టకూడదనడం. అన్న ఒప్పుకోలేదు. చివరికి నలుగురం మిల్లు గోదాములోకి పోయి, అందరం చూస్తుండగానే బావను వడ్ల బస్తాల వెనక దాక్కోమన్నాం. అన్న తిన్నగా నడిచి వెళ్లి బస్తా వెనక నుంచి బావను చెవి పట్టి బయటికి లాగాడు. కనబడకపోవడం వేరు, ఎక్కడున్నాడో తెలియకపోవడం వేరని నాకు అప్పుడు తట్టింది. ఆ ఉత్సాహంలో డాబా మెట్లు రెండేసి ఎక్కిపోయి షరతులు రాసేశాను. ఒకటి, దాక్కోవాలంటే చాటు ఉండాలి. రెండు, ఆ వంతు దాక్కోవడానికే సరిపోతుంది. మూడు, చోటు శత్రువుకు తెలిశాక అక్కడే ఉండడం వల్ల లాభం లేదు.

మర్నాటి కోట యుద్ధంలో నా రాక్షసుడు విలుకాణ్ణి, కత్తివీరుణ్ణి పడగొట్టాడు. మిగిలింది చెల్లె ఒక్కతే, ఇంకొక్క దెబ్బకు అదీ ఖతం. అది స్తంభాల చాటున ఎక్కడికి పోయినా నా రాక్షసుడు సూటిగా అక్కడికే పోతున్నాడు. అడుగుల చప్పుడు విన్నాడని ఒకసారి, వాసన పట్టాడని ఒకసారి నేను కారణాలు చెబుతున్నాను. చెల్లె సంచి పక్కనపెట్టి నా మొహంలోకి చూసింది.

"అన్నా, నన్ను సూసింది నీ రాక్షసుడు కాదు, నువ్వు. నువ్వు సూసి వానికి చెప్తున్నవ్."

  ఇగ గోడ దిక్కు తిరగమంది చెల్లె. తిరిగాను. వెనక గ్లాసులు గీరుకున్న చప్పుడైంది. చింతగింజ ఏదో ఒక గ్లాసు కింద ఉంటుందని చెప్పింది, రాక్షసుడు ఒకే గ్లాసు ఎత్తాలి. గింజ దొరికితే చెల్లె ఆట అయిపోయినట్టే, దొరకకపోతే దెబ్బ కొట్టే వంతు తనది.

ఇటు తిరిగి లెక్క వేశాను. ఉన్న చోటు నుంచి అది చేరగలిగిన స్తంభాలు రెండే. ఉన్నచోటే ఉండదు, మూడో షరతు చెప్పనే చెప్పింది. ఇక ఆ రెంటిలో ఏదని బావ మొహం చూస్తే, అతని చూపు మెట్ల వైపు గ్లాసు మీద పడి చటుక్కున పక్కకు తప్పుకుంది. దొరికింది అనుకుని, గుండె దడదడలాడుతుంటే ఆ గ్లాసు ఎత్తాను. కింద దుమ్ము తప్ప ఏమీ లేదు.

"నన్ను కూడా తిప్పి నిలబెట్టిందిరా," అన్నాడు బావ. "నాకే తెలీదు, నా మొహం చూస్తే నీకేం తెలుస్తది?"

చెల్లె తన గ్లాసు ఎత్తింది. మొదట తను దాక్కున్న స్తంభమే, అక్కణ్ణుంచి కదలనే లేదు. ఉన్నచోటే ఉండడం చెల్లదని బావ అన్నాడు, ముగ్గురూ నా తీర్పు కోసం చూశారు. లాభం లేదని రాశాను గాని ఉండకూడదని రాయలేదు. పైగా ఆ చోటు నాకు తెలియనే లేదు, తెలియనప్పుడు దాక్కున్నట్టే. చెల్లుతుందన్నాను. చెల్లె సంచిలో చెయ్యిపెట్టి బిళ్ల తీసింది. పద్దెనిమిది. రాక్షసుడు కూలిపోయాడు. చచ్చిపడిన విలుకాడూ కత్తివీరుడూ డాబా మీద గెంతుతుంటే, ఏమైందోనని పెద్దమ్మ కింది నుంచి కేకేసింది.

మరుసటి వేసవికి కథ చెప్పే చోట మా చెల్లె కూర్చుంది, ఎవరూ కాదనలేదు. ఇప్పుడు పెళ్లిళ్లలో కలిసినప్పుడు కుర్చీలు దగ్గరకు జరుపుకుని ఆరోగ్యాలు అడుగుతాం, పిల్లల చదువులు చెప్పుకుంటాం, భోజనం కాగానే ఎవరి బండి వాళ్లు ఎక్కుతాం. ఒక్క ఎత్తు కోసం మధ్యాహ్నమంతా కూర్చునే సెలవులు మాలో ఎవరికీ లేవు. నన్ను గోడ దిక్కు తిరగమని ఎవరైనా అంటే ఈరోజుకీ తిరుగుతాను, వెనక ఏం జరుగుతోందో తెలియక గుండె అలాగే కొట్టుకుంటుంది కూడా. అలా అనే తీరికే ఎవరికీ దొరకడం లేదు.