నీళ్లడగని మొక్క

ఇరవై రెండు రోజుల మగ్గం పనిని, మా అత్తగారి పరువును ఒకే పువ్వుతో బస్సెక్కించిన ఘనత నాది. నవ్వుకోండి, ఫరవాలేదు. లెక్కలు మాత్రం తప్పు చెప్పను.

1979 వేసవిలో మా ఆయన పట్టునూలు కోసం బెంగళూరు పోతూ నన్నూ తీసుకెళ్లి, ఒక తోటలో అద్దాల ఇల్లు చూపించాడు. అక్కడ ముళ్లులేని జెముడులాంటి మొక్కను చూపిస్తూ తోటమాలి, "పదిహేను దినాలకు గ్లాసు నీళ్లు చాలమ్మా" అన్నాడు. ధర్మవరంలో మా ఇంట్లో ఏడుగురికి రోజుకు తొమ్మిది బిందెలు. మొక్కలకు మిగిలేది సున్న. "ఇది పూసినప్పుడు మాత్రం..." అని తోటమాలి ఇంకేదో చెప్పబోయాడు. నా బుద్ధి ఆ గ్లాసు దగ్గరే ఆగిపోయింది. ఆయన అటు తిరగ్గానే జానెడు కాడ విరిచి కొంగున దాచాను.

మగ్గం గది కిటికీలో, పగిలిన కుండలో నాటాను. పద్నాలుగు నెలలకు బుడగలాంటి మొగ్గ వేసి, ఒక పొద్దున విచ్చుకుంది. అరచేతంత నక్షత్రం, పసుపు మీద ఎర్రటి గీతలు.

ఆ పొద్దుటే ఇల్లంతా కంపు.

"మగ్గం గుంతలో ఎలుక సచ్చినట్లుండాది" అని అత్తగారు తేల్చేసింది. మా ఆయన, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే ఆ గుంతలో తల దూర్చి తవ్వుతుంటే నేను గట్టు మీద నిలబడి, ఇటు తవ్వు, అటు తవ్వు అని పురమాయించాను. ఈగలన్నీ నా పువ్వు చుట్టే ముసిరాయి. వాటికీ అందం తెలుసని మురిసిపోయాను.

అంతలో, మా ఆయన ఇరవై రెండు రోజులు నేసిన పెళ్లిచీర కోసం బత్తలపల్లె నుంచి పెళ్లికూతురి తల్లి దిగింది. పెళ్లి ఇంకా నాలుగు రోజులే. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే చీర చూసుకుని, బాగుందని తీసుకుంది. ఇంటికొచ్చిన ముత్తైదువను బొట్టూ పువ్వూ లేకుండా ఎలా పంపుతాం? ఆ కరువులో బజారంతా వెతికినా మూర మల్లెపూలు లేవు. నేను త్యాగం చేశాను. నా నక్షత్రాన్ని కోసి, నా చేత్తోనే ఆమె కొప్పులో పెట్టాను.

ఆమె వెళ్లిన పావుగంటకు కంపు మాయం. తను వేసిన సాంబ్రాణి మహిమ అంది అత్తగారు.

రెండు గంటల తర్వాత ఆమె తిరుగు బస్సులో వచ్చేసింది, చీరను చేయి చాచి దూరంగా పట్టుకుని.

"బస్సులో నా పక్కన ఒక్కరూ కూచోల్యా. కండక్టరు దిగి నడవమన్నాడు. మీ ఎలుక కంపు చీరకు పట్టింది. దీన్ని కట్టి నా బిడ్డను పీటల మీద ఎట్ల కూచోబెట్టేది? మాకొద్దు."

మా ఆయన ముఖం పాలిపోయింది. అత్తగారు చీర మడత విప్పి ఈ కొస, ఆ కొస వాసన చూసింది. తర్వాత పెళ్లికూతురి తల్లి చుట్టూ మెల్లగా తిరిగి, కొప్పు దగ్గర ఆగింది.

"వదినా, ఎలుక చీరలో లేదు. నీ కొప్పులో ఉండాది. పెట్టింది మా కోడలే."

ఆమె కొప్పు తడుముకుని, చేయి వాసన చూసుకుని, నన్ను చూసి, చివరికి నవ్వింది. చీర దక్కింది. కానీ ఆమె తల రుద్దడానికి మా తొమ్మిది బిందెల్లో ఐదు ఖర్చు. నీళ్లడగని మొక్క ఒక్క పూటలో తాగిన నీళ్లవి.

ఆనాడే కుంకుడు నురగ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. మూడుసార్లు వాసన చూడనిదే ఏ పువ్వూ ఎవరి కొప్పులోనూ పెట్టను. మల్లెపువ్వుకైనా మూడే. ఇక ఏ తోటమాలి మాటైనా ఆఖరి దాకా వింటాను.