జూలో మా ఆయన జేబు

పోయిన ఎండాకాలం పిల్లల పోరు పడలేక, మా ఆయన మమ్మల్ని కోడుమూరు నుంచి సిటీలోని జూకు తీసుకెళ్లాడు. టికెట్లు కొన్నాక ఇంక పైసా తీయనన్నాడు. పిల్లలు ఐస్‌క్రీమ్ బండి దగ్గర కూలబడి ఏడ్చారు.

"క్యాను నిండా నీళ్లుండాయి, అదేమిటికి? తింటే గొంతు పట్టుకుంటాది!" అన్నాడు.

పులి బోను ముందు నాకు కళ్లు తిరిగినా బ్యాటరీ బండి ఎక్కనివ్వలేదు.

అంతలో మా పెద్దమ్మాయిని చూసి వెళ్లిన వేంపల్లె పెళ్లివారు ఎదురయ్యారు.

"ఏమప్పా, మీరూ ఈడనే ఉండారా?" అన్నాడు పెళ్లికొడుకు తండ్రి.

మా ఆయన వెంటనే పక్కనున్న ఐస్‌క్రీమ్ బండివాడితో, "అందరికీ పెద్దవి ఇయ్యప్పా!" అన్నాడు.

మా చిన్నది గట్టిగా అడిగేసింది. "గొంతు పట్టుకుంటాదంటివే నాయనా?"

పెళ్లివారు ఫక్కున నవ్వారు. నేను సిగ్గుతో పులి వైపు తిరిగాను.

జూ వాళ్లకు నాదొక సలహా. మా ఆయనలాంటి వాళ్లతో ఖర్చు పెట్టించడానికి ఎండా, పిల్లల ఏడుపూ చాలవు. ఐస్‌క్రీమ్ బండి పక్కన ఒక కాబోయే వియ్యంకుణ్ణి నిలబెట్టండి.