అక్క గొంతుక్కూర్చున్న కయాక్

పోయిన ఆదివారం పొద్దున్నే మా క్వార్టర్ల వరుసలోకి కొత్తగా వచ్చిన ఇంజినీరు, ఆయన భార్య నన్ను వెతుక్కుంటూ వచ్చారు. నా దగ్గర కయాక్ ఉందని ఎవరో చెప్పారట. జలాశయంలో చేపలు పట్టడానికి తామూ మొదటిసారి ఒకటి కొనాలనుకుంటున్నామని, ఫోనులో అయిదారు బొమ్మలు చూపించి, వీటిలో ఏది ఎక్కువ బరువు మోస్తుందని అడిగారు. బరువు సంగతి తరవాత, ముందు మీరిద్దరూ ఎలా కూర్చుంటారో చెప్పండి అన్నాను. వేళాకోళం అనుకున్నారో ఏమో, ఇద్దరూ నవ్వారు. వాళ్లు కాఫీ తాగి వెళ్లిపోయాక నేను పెరట్లోకి వెళ్లి, రెండు దుంగల మీద బోర్లించి ఉన్న నా కయాక్ పక్కన చాలాసేపు నిలబడిపోయాను. కొన్నప్పుడు పండు మిరపకాయలా ఉండేది, ఇప్పుడు వెలిసిపోయి పాత ఇటుక రంగుకు వచ్చింది.

కయాక్ అంటే పెద్ద విశేషమేమీ కాదు. ఒకరో ఇద్దరో కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నటి ప్లాస్టిక్ పడవ. నేను కొన్న రోజుల్లో, ఒడియా మాట్లాడే మా సెమిలిగుడ వైపు దాని పేరు తెలిసినవాళ్లే తక్కువ. లారీ మీద తీసుకొస్తుంటే జంక్షన్లో టీ కొట్టు దగ్గరున్నవాళ్లు అది నీళ్ల తొట్టి అనుకున్నారు.

నా ఉద్యోగం ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీలను తూచే కాటా మీద. పదో తరగతితో చదువు ఆగిపోయినా లెక్కలంటే చిన్నప్పటినుంచీ నాకొక పిచ్చి. పాత పుస్తకాలు తెచ్చుకుని, ఎవరినీ అడగకుండా, తప్పులు చేస్తూ దిద్దుకుంటూ నేర్చుకున్నాను. ఖాళీ బండి ఎంత, నిండు బండి ఎంత అన్నది పగలంతా చూసి చూసి, మనుషుల్ని చూసినా మనసులో కాటా ముల్లు కదిలేది. ఆదివారం వస్తే మాత్రం గేలం పట్టుకుని జలాశయం ఒడ్డుకు చేరేవాణ్ణి. ఎన్నో ఏళ్లు ఒడ్డునే కూర్చున్నాను. పెద్ద బొచ్చె చేపలు నీటి మధ్యలో ఎగిరిపడుతూ కనిపించేవి, నా గేలం మాత్రం వాటికి సగం దూరంలోనే పడేది.

ఒడ్డు దాటకపోవడానికి కారణం మా అక్క. మాది గుణుపురం దగ్గర పల్లె. మా అమ్మ పోయేనాటికి నాకు ఊహ సరిగా రాలేదు, అక్కకు పద్నాలుగేళ్లో పదిహేనేళ్లో. నన్ను ఎత్తుకుని తిప్పింది, తినిపించింది, బడికి పంపింది, పెళ్లి చేసింది. ఇన్ని చేసి ఒకే ఒక్క షరతు పెట్టింది, నడుము దాటి నీళ్లలోకి దిగకూడదని. వంశధార పక్కనే పుట్టి కూడా నాకు ఈత రాకపోవడానికి కారణం అదే. పెళ్లయి, పిల్లలు పుట్టి, చెవుల దగ్గర నెరిసిన తరవాత కూడా నేను ఆ మాట దాటలేదు. దాటాలని లేక కాదు, ఆవిడ చేత సరేననిపించుకోకుండా నీళ్లమీదకు వెళితే గేలం వేసే చెయ్యి ఆడదని నాకు తెలుసు.

అందుకే కయాక్ సంగతి ముందు అక్కకే చెప్పాను. అప్పటికి ఆవిడ పండక్కో పబ్బానికో గుణుపురం నుంచి వచ్చి మా ఇంట్లో నెలేసి రోజులుండేది. మునిగిపోని పడవలున్నాయని, ఒంటికి తొడుక్కునే తేలుడు చొక్కాలున్నాయని వివరంగా చెప్పాను. అంతా విని, బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండానే తీర్పు చెప్పింది.

"అమ్మ నిన్ను నా సేతుల్లో ఎట్టి పోనాది. ముందు నానెక్కి సూస్తాను. నాకు బాగుంటే నువ్వెక్కు, నేదంటే గట్టునే కూకో."

ఆ మాటతో నాకు కొండంత బలం వచ్చింది. ఎందుకంటే లెక్కతో గెలవచ్చు కదా! నందపూర్ వెళ్లే దారిలో, జలాశయం వారన పడవలు అద్దెకు తిప్పే ఒకాయన దగ్గర రెండు కయాక్‌లు అమ్మకానికి ఉన్నాయని అప్పటికే కనుక్కున్నాను. రెండూ ఇద్దరు కూర్చునేవే. ఒకటి వెడల్పాటిది, పైన బల్లలా మూసి ఉండి, దానిమీద వీపుకు ఆనుకునే కుర్చీలు బిగించినది. రెండోది కాస్త సన్నం, పైన తెరిచి ఉంటుంది, లోపలికి దిగి అడుగున బిగించిన పొట్టి కుర్చీల్లో కూర్చోవాలి. మొదటిది ఎక్కువ బరువు మోస్తుంది, వెడల్పు కూడా ఎక్కువ. రాసిన బరువులో మూడింట రెండు వంతులే నమ్మాలని నాకు నేనే నియమం పెట్టుకుని, నా బరువు, గేలాల సంచి, మంచినీళ్లు, టిఫిను, పడబోయే చేప, అన్నీ కలిపి లెక్కేశాను. అక్కనొక్కదాన్నే తూచలేకపోయాను. కిరాణా కొట్టు బస్తాల కాటా మీద నిలబడమంటే, "నన్ను బెల్లం దిమ్మనుకున్నావేటిరా, పో!" అని కసిరింది. కంటి అంచనాతోనే వేసుకున్నాను. ఒకవేళ పడవ ఒరిగి చీర తడిస్తే ఎంత బరువు పెరుగుతుందో తెలియాలని మా ఆవిడ నేతచీర ఒకటి బకెట్లో ముంచి వేలాడదీసే త్రాసుకు తగిలించాను. ఆ పూట నాకు వంటింట్లో మర్యాద దక్కలేదని వేరే చెప్పనక్కర్లేదు.

శీతాకాలం ఆదివారం, మంచు విడుతున్న వేళకు ముగ్గురం అక్కడికి చేరాం. పడవలాయన వెడల్పాటి కయాక్‌ను నీటి అంచుకు లాగి పెట్టాడు. అక్క దాని చుట్టూ తిరిగి, వంగి చూసి, ఒక్కసారిగా గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఓలమ్మో! దీనికి సిల్లులున్నాయిరా! సిల్లులున్న పడవ కొంటావేటి?"

పైన పడిన నీళ్లు కిందకు పోవడానికే ఆ రంధ్రాలు పెడతారని పడవలాయన తన ఒడియాలో ఓపికగా చెప్పాడు. అక్కకు ఒడియా బాగా వచ్చు, అంతా విని నావైపు తిరిగింది. "పోయే దారుంటే ఒచ్చే దారుండదా? ఈ బాబుకి ఆ మాట ఎవులూ సెప్పనేదా?" మా ఆవిడ నవ్వు ఆపుకోలేక ఒడ్డునున్న రాతి మీద కూలబడింది. లోపల గాలి నిండి ఉంటుంది, చిల్లులు ఆ గాలిగదిని తాకవు అని నేను పుల్లతో ఇసుకలో బొమ్మ గీసి చూపించాక, పూర్తిగా నమ్మకపోయినా, తేలుడు చొక్కా తొడిగించుకుని, చీర బిగించి కట్టుకుని ఎక్కింది.

ఎక్కి, కుర్చీలో కాళ్లు బారజాపి కూర్చుంటుందని నా లెక్క. ఆవిడ అలా కూర్చోలేదు. జన్మలో ఎన్నడూ అలా కూర్చోలేదు. కుర్చీ మీద రెండు పాదాలూ ఆనించి, మోకాళ్లు గుండెల దాకా మడిచి గొంతుక్కూర్చుంది. మనవైపు ఆడవాళ్లు చేప తోమినా, పొయ్యి ఊదినా, నారు పీకినా కూర్చునే తీరు అదే కదా. పడవలాయన తోశాడో లేదో కయాక్ ఇటూ అటూ ఉయ్యాలలా ఊగి, అక్క పక్కకు ఒరిగి, మోకాలి లోతు నీళ్లలో కూర్చుండిపోయింది. నేను పరుగెత్తాను. చీర తడిసింది, బరువు పెరిగింది, ఆ లెక్క ఒక్కటే సరిపోయింది.

ఇక అయిపోయింది, నా బతుకంతా ఒడ్డునే అనుకున్నాను. అక్క లేచి కొంగు పిండుకుంటూ, కోపంగా కాదు, ఏదో ఆలోచిస్తున్నట్టుగా ఆ పడవను చూసింది. "పెదనాన్న దోనెలో ఇలాగే కూకునేదాన్ని, ఎప్పుడూ పడనేదు" అంది మెల్లగా. అక్క దోనె ఎక్కిందన్న సంగతి నేను వినడం అదే మొదలు. ఆ మాటతో నా బుర్రలో ముల్లు కదిలింది. మాను తొలిచి చేసిన దోనెలో మనిషి కూర్చునేది నీటిమట్టానికి దిగువన. ఇక్కడ నీటికి ఎగువన బల్ల, బల్ల మీద కుర్చీ, కుర్చీ మీద గొంతుక్కూర్చున్న మనిషి. బరువంతా లెక్కేసి, అది ఎంత ఎత్తున ఉంటుందో వదిలేశాను. అక్కను కాళ్లు చాపి కూర్చోమనడం కన్నా పడవను మార్చడమే సులువు.

రెండో కయాక్ దించమన్నాను. ముందువైపు కుర్చీకి ఉన్న నాలుగు మరలూ విప్పించి, అడుగున గోనెసంచి మడిచి వేశాను. అక్క లోపలికి దిగి గొంతుక్కూర్చుంది. నేను ఒడ్డునే ఉండి పట్టుకుని ఊపి చూశాను. కాస్త ఊగింది, మళ్లీ దానంతట అదే కుదురుకుంది. పడవలాయన వెనక కూర్చుని చిన్న చుట్టు తిప్పి తీసుకొచ్చేదాకా నేను మోకాలి లోతు నీళ్లలో దిగి చూస్తూ ఉన్నాను. ఒడ్డు చేరాక అక్క దిగలేదు.

"ఏటలా సూస్తావు? ఎక్కు. నీ గేలమేదీ?"

వెనక కూర్చుని నేను గేలం అందించాను. ఎర గుచ్చి, బెండు సరిచేసి, దారాన్ని చూపుడువేలి మీదుగా పోనిచ్చి ఆవిడ విసిరిన తీరు చూస్తే, ఎన్నేళ్లుగానో నేను అందుకోవాలనుకుంటున్న తీరు అదే. అమ్మ ఉన్నప్పుడు రోజూ పెదనాన్న దోనెలో వంశధార మీద తిరిగేదట. అమ్మ పోయాక చంకలో నేను వచ్చి చేరాను. పిల్లాణ్ణి ఎత్తుకుని దోనెలో గొంతుక్కూర్చోవడం కుదరదు. అదంతా నాకు చెప్పాలని చెప్పలేదు, బెండు వైపు చూస్తూ నీళ్లకు చెప్పుకున్నట్టు అంది. నేనేమో ఆవిడ నా పడవను పరీక్షించడానికి వచ్చిందనుకున్నాను. ఆ రోజు పడ్డది అరచేతికి మించని జెల్ల చేప. దాన్ని పులుసు పెట్టి, నలుగురికి సరిపోయిందని అక్క ఒప్పించింది.

ఆ పడవనే కొన్నాం. తరవాత ఎన్నో శీతాకాలాలు అక్క మా ఇంటికి పండగ లేకుండానే వచ్చేది. ముందు ఆవిడ, వెనక నేను, మధ్యలో టిఫిను గిన్నె. గాలి లేచే వేళ అక్కకు నాకన్నా ముందే తెలిసేది. "ఒరే, ఒడ్డుకి మల్లించు" అంటే మళ్లించేవాణ్ణి.

ఇప్పుడు మోకాళ్లు మడవకూడదని డాక్టరు చెప్పాడు, అక్క గుణుపురంలో కొడుకు దగ్గర కుర్చీలోనే కూర్చుంటుంది. అక్కే కాదు, మా ఈడువాళ్లమంతా అలాగే అయిపోయాం. అన్నం బల్ల మీద, వంట నిలబడి, ముచ్చట్లు సోఫాలో. జలాశయం ఒడ్డున రంగురంగుల కయాక్‌లు వరుసగా ఉంటాయి, అన్నిటికీ మెత్తటి కుర్చీలే. మంచివే, నేను కాదనను. ఆ దంపతులను వచ్చే ఆదివారం తీసుకెళ్లి, కాళ్లు చాపి కూర్చునేవాళ్లు కనుక వెడల్పాటి పడవే చూపిస్తాను. కానీ నేలకు, నీటికి అంత దగ్గరగా, అంత నిబ్బరంగా కూర్చునే మనుషులు మాత్రం తగ్గిపోతున్నారు.

ఒక్కణ్ణే వెళితే ముందుభాగం పైకి లేచి గాలికి తిరిగిపోతోందని అక్క చోట ఒక ఇసుక బస్తా పెడుతున్నాను. ఆదివారం మధ్యాహ్నం ఫోను చేసి అక్క అడుగుతుంది.

"నా సోట ఏటెట్టేవు?"

"ఇసుక బస్తా."

"దానికేటైనా పడ్డాదా?"

లేదంటే పకపకా నవ్వుతుంది. మొన్న మాత్రం నవ్వడం అయ్యాక, "మరి రెండు దోసిళ్లు ఎక్కువెయ్యిరా, ఈమజ్జిన ఒళ్లు సేసేను" అంది, ఒకప్పుడు కాటా ఎక్కనని నన్ను కసిరిన మనిషి. పడవకు ఇప్పుడున్న ఇసుక చాలునని నా లెక్క చెబుతోంది. అయినా రెండు దోసిళ్లు వేశాను.