పన్నెండు గిన్నెలు, పన్నెండు మాటలు

నేను ఎవరినీ నమ్మను. గొప్ప కోసం చెప్పడం లేదు, ఇది వృత్తి వల్ల వచ్చిన జబ్బు. ఆబిడ్స్‌లో ముప్పై ఏళ్లుగా చేతి గడియారాలు బాగుచేస్తున్నాను. తెచ్చిన ప్రతివాడూ "అసలు కింద పడనే లేదు సార్" అంటాడు. మూత తీస్తే లోపల అద్దం ముక్కలు, చెమట తుప్పు, ఒకసారైతే పల్లీ పొట్టు. ఇలాంటివాళ్ల మధ్య బతికినవాడికి బ్యాంకు మీద నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది? ఫోను మీద అసలే లేదు.

అందుకే మా ఆవిడ తన డబ్బు నా చేతిలో పెట్టి "బ్యాంకుల డిపాజిట్ చెయ్యి" అన్నప్పుడు, "ఔ ఔ" అని తలూపి, వెళ్లి క్రిప్టో నాణేలు కొన్నాను.

ఆ డబ్బు ఎలాంటిదో చెప్పాలి. మేముండేది నాంపల్లిలో ఒక పాత మూడంతస్తుల ఇంట్లో, నడిమి అంతస్తు కిరాయికి. మా ఆవిడ వంట ఆ గల్లీ అంతటికీ తెలుసు. ఎవరింట్లో సీమంతమైనా, పుట్టినరోజైనా బగారన్నం, గుత్తివంకాయ మా వంటింట్లోంచే వెళ్తాయి. అలా పొయ్యి ముందు నిలబడి నిలబడి ఏళ్ల తరబడి కూడబెట్టింది. ఎప్పటికైనా ఒక చిన్న దుకాణం మలిగి దొరికితే తన పేరు మీద కర్రీ పాయింట్ పెట్టుకోవాలన్నది ఆమె కోరిక. ఆ కోరికను నేను తీసుకెళ్లి పెన్‌డ్రైవంత యంత్రంలో పెట్టాను.

నాణేలు ఆ యంత్రంలో ఉండవు. వాటి తాళంచెవి ఉంటుంది. ఆ తాళంచెవికి మళ్లీ తాళం, దానికొక పిన్ నంబరు. ఇంటర్నెట్టు గాలి తగలకుండా బీరువాలో పడి ఉంటుంది కాబట్టి దొంగకు అందదు. కానీ పిన్ మూడుసార్లు తప్పు నొక్కితే లోపలున్నదంతా తనంతట తానే చెరిపేసుకుంటుంది. అప్పుడిక ఒకటే దిక్కు. మొదటిరోజు అది చూపించిన పన్నెండు ఇంగ్లిషు మాటలను అదే వరసలో తిరిగి అప్పజెప్పాలి. ఆ మాటలు ఎవరికీ చెప్పకూడదు, ఫోటో తియ్యకూడదు. కాగితం మీద రాస్తే చెదలున్నాయి, వానకు చెమ్మెక్కే మా గోడలున్నాయి. ఉక్కు మీద చెక్కించుకోండి అని ఎవరో ఒకాయన వీడియోలో చెప్పాడు.

ఉక్కు అనగానే నాకు తోచింది స్టీలు గిన్నెలు. మనవాళ్లలో గిన్నె కొని దాని మీద పేరు కొట్టించకుండా ఇంటికి తెచ్చేవాళ్లు ఎవరు? ఒకదాంట్లో ఒకటి ఇమిడే పన్నెండు గిన్నెల సెట్టు కొన్నాను. గిన్నెకొక మాట, అడుగున. పెద్దది మొదటి మాట, అన్నిటికంటే చిన్నది పన్నెండోది. అంకెలు వెయ్యనక్కర్లేదు, సైజే వరస. నా తెలివికి నేనే మురిసిపోయాను. దుకాణం అరుగు మీద మిషన్ పట్టుకుని కూర్చున్న పేర్లు కొట్టేవాడు నా చీటీ చూసి తల గోక్కున్నాడు.

"గిన్నెకొక పేరా సార్? పిల్లలు పన్నెండు మందా?"

"నువ్వు కొట్టు."

"లెమన్... రివర్... డాంకీ. సార్, గీ మూడో పిల్లగానికి గీ పేరు ఎవరు పెట్టిన్రు?"

వాడు నవ్వుతూనే కొట్టాడు. నేను ఆ సెట్టు ఇంటికి తెచ్చి, నిజం చెప్పకూడదు కాబట్టి, "పెండ్లిరోజు గదా, నీకే" అన్నాను. ముప్పై ఏళ్లలో నేను పెళ్లిరోజు గుర్తుపెట్టుకున్నది అదే మొదటిసారి. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అడుగున రాతలేంటంటే ఫారిన్ డిజైన్ అన్నాను. ఆ రోజు నాకు కొంచెం సిగ్గేసింది గానీ నిద్ర బాగానే పట్టింది.

మూడేళ్లు గడిచాయి. నిరుడు వానాకాలంలో నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో ఒక మలిగి ఖాళీ అయింది. సోమవారంలోపు అడ్వాన్స్ ఇస్తే మీకే అన్నాడు యజమాని. మా ఆవిడ ఆ రోజంతా చేతిలో గరిటె పట్టుకుని ఇల్లంతా తిరిగింది, వండింది మాత్రం ఏమీ లేదు. "డిపాజిట్ తియ్యి" అంది. మంగళవారం నేను యంత్రం బయటికి తీశాను.

పిన్ కూడా తెలివిగానే పెట్టాను. నేను మొదట బాగుచేసిన గడియారం వెనక ఉండే నంబరు. తిరగేసి పెట్టానా, మామూలుగానా అన్నది గుర్తులేదు. మామూలుగా నొక్కాను, కాదంది. తిరగేసి నొక్కాను, కాదంది. చెమట చేతులతో మూడోసారి ఏదో నొక్కాను. యంత్రం మర్యాదగా తెర మీద స్వాగతం పలికింది, కొత్తగా కొన్నవాడికి పలికినట్టు.

వంటింట్లోకి వెళ్లి అలమర తీశాను. సెట్టులో నాలుగే ఉన్నాయి.

"మిగిలిన గిన్నెలేవి?" అన్నాను.

"తిరుగుతున్నయి" అంది మా ఆవిడ. "నువ్వు ప్రేమగ తెచ్చినవని అందరింటికి వాటిల్లనే పంపిన. అలమర్ల పెట్టుకుంటే ఏం లాభం?" అని వేళ్లు మడిచి చెప్పింది: కింది కుట్టుమిషనామెకు పప్పుచారు, పైన హెడ్‌మాస్టరు సారుకు కాకరకాయ, చాదర్‌ఘాట్‌లో మా అక్కకు చింతచిగురు పప్పు, ఇలా ఏడు ఇళ్లు. అన్నిటికంటే చిన్నది మొజంజాహీ మార్కెట్‌లో పండ్లమ్మే ఆయనకు, మామిడికాయ తొక్కు పెట్టి. తేలు కుట్టిన దొంగలా నిలబడి విన్నాను.

గిన్నె ఇచ్చాక తిరిగి అడగడం మా దగ్గర ఇజ్జత్ తక్కువ పని. అయినా తెగించి ముందు కిందికి దిగాను. కుట్టుమిషనామె వింతగా చూసింది.

"ఇస్త అన్నా. ఖాళీ గిన్నె ఎట్ల ఇయ్యాలె? రేపు సర్వపిండి చేస్త, గప్పుడు పంపుత."

"ఖాళీగనే ఇయ్యమ్మా, ఏం కాదు."

"అయ్యో, మంచిగుండదు. జర ఆగు."

ప్రతి ఇంట్లో ఇదే మాట. ఆడబిడ్డ ఇంట్లోంచి గిన్నె ఖాళీగా పోకూడదని మా అక్క నన్ను చాదర్‌ఘాట్‌లో రెండు గంటలు కూర్చోబెట్టి మరీ సకినాలు వేయించింది. నాకు కావలసింది గిన్నె అడుగు, వాళ్లు ఇచ్చేది గిన్నె నిండా. గారెల గిన్నె ఎత్తుకుని బోర్లా తిప్పి చదవబోతే మెట్ల మీద నూనె కారింది. ఎవరికీ కారణం చెప్పలేను. ఎవరైనా తొందరగా వండితే బాగుండునని మొక్కుకుంటూ తిరగడం నాకు జీవితంలో అదే మొదటిసారి.

బుధవారం సాయంత్రం పై అంతస్తు హెడ్‌మాస్టరు సారు దిగి వచ్చారు. రిటైరై పదేళ్లయినా ఇంకా ప్రార్థన బెల్లు కొట్టినట్టే నిలబడతారు. చేతిలో నా గిన్నె, అందులో దద్దోజనం.

"తమ్మీ, గీ వయసుల విడిపోవుడు మంచిగుండదు" అన్నారు.

"ఎవరు సార్ విడిపోయేది?"

"గిన్నెలు పంచుకుంటున్నరట గదా, బిల్డింగంత అనుకుంటున్నరు. కోపం జర తగ్గించుకో. నేను సుత ఓర్చుకున్న. మీ ఇంటికెల్లి వచ్చిన గిన్నె అడుగున డాంకీ అని ఉంటే ఆర్నెల్లు ఏమన్న అన్ననా?"

ఆయన మెట్లెక్కాక మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. అంతా విన్నది. "ఇజ్జత్ తీస్తున్నవ్. గిన్నెల మీద ఏం పడ్డది నీకు?" అంది. నా నోట వచ్చింది అబద్ధం.

"నీ కర్రీ పాయింట్ల పెడుదామని. మంచి సెట్టు గదా, ముందట వరసగ పెడితే గిరాకీకి సోకుగ ఉంటది."

ఆమె మొహం విప్పారింది. "గీ మాట ముందే చెప్పొచ్చు గదా!" అని తనే బయల్దేరింది. రాత్రికల్లా ఏడు గిన్నెలూ ఇంట్లో ఉన్నాయి, ఒక్కటీ ఖాళీగా రాలేదు. కర్రీ పాయింట్ అని తెలిసి ఒకామె గిన్నెతో పాటు కొబ్బరికాయ కూడా పంపింది. మా ఆవిడ అవన్నీ తోమి వరసగా బోర్లించి, దూరంగా నిలబడి చూసుకుంది. అంత సంతోషంగా ఆమెను చూసి ఎన్నాళ్లయిందో. నాకు అన్నం దిగలేదు. సకినాలు మాత్రం తిన్నాను.

గురువారం పొద్దున్నే మొజంజాహీ మార్కెట్‌కు పోయాను. పండ్లాయన నన్ను చూసి చెంపలేసుకున్నాడు.

"గా చిన్న గిన్నెనా? ఆటో కింద పడి అప్పచ్చైంది సార్. పాత సామాన్ల కబాడీలోడు పట్కపోయిండు, రెండు నెల్లయింది. అమ్మకు ఏం మొకం చూపియ్యాలె? గీ సపోటలు పట్కపోన్రి, ఉత్త చేతుల పోవొద్దు."

డజను సపోటాలతో ఇంటికి నడిచాను. పదకొండు మాటలున్నాయి, పన్నెండోది కబాడీలో కరిగిపోయింది. ఇక దాచడానికి నాకు చోటు మిగల్లేదు. సపోటాలు కింద పెట్టి మొత్తం చెప్పేశాను: బ్యాంకు లేదు, డిపాజిట్ లేదు, పెండ్లిరోజు గిన్నెలు అందుకోసమే.

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. గిన్నెల వైపు చూసి, "అవి నాకని తెచ్చినవనుకున్న" అంది. డబ్బు సంగతి కంటే ముందు ఆ మాటే అంది.

తర్వాత కొంగు దోపుకుని కింద కూర్చుంది. "ఇగ ఏదన్న తొవ్వ ఉందా, లేదా?"

ఉంది. పదకొండు మాటలిస్తే, పన్నెండో చోట సరిపోయే మాటలేవో యంత్రమే ఏబీసీడీ వరసలో చూపిస్తుంది. అవి వందకు పైనే. ఒక్కొక్కటీ పెట్టి తెరిచి చూడాలి. తప్పు మాటైతే ఖాళీ ఖాతా తెరుచుకుంటుంది, మళ్లీ చెరిపి పదకొండూ మొదటినుంచి ఎక్కించాలి. ఆ రోజు దుకాణం తెరవలేదు. ఆమె పెద్ద గిన్నె నుంచి ఒక్కొక్కటి ఎత్తి అడుగు చదవాలి, నేను నొక్కాలి. లెమన్, రివర్, డాంకీ.

"అఖర్ల కెల్లి, జెడ్ కెల్లి చూద్దాం" అంది రెండోసారికే.

"పద్ధతి ప్రకారం పోవాలె. ఏ నుంచి."

"నీ పద్ధతే గదా ఇంత దూరం తెచ్చింది."

నేను వినలేదు. గడియారం విప్పినా వరస తప్పనివాణ్ని. మధ్యాహ్నానికి 'సి' దాటలేదు. ఆమెకు పదకొండు మాటలూ నోటికొచ్చేశాయి, గిన్నెలు ముట్టకుండానే చెబుతూ పక్కన చిక్కుడుకాయలు ఒలిచింది. ప్రతిసారీ ఖాళీ ఖాతా. శుక్రవారం కూడా అదే పని. 'ఎం' దగ్గర నాకు ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది. ఆమె సపోటా ఒలిచి చేతిలో పెట్టింది.

"ఏడు ఇండ్లు తిరిగినవ్. మెట్ల మీద నూనె కార్చినవ్. పండ్లాయనను సుత అడిగినవ్" అంది మెల్లగా. "నన్నొక్కదాన్ని అడుగలే."

నేను ఎవరినీ నమ్మనని గొప్పగా చెప్పుకుంటూ వచ్చాను. ఆ ఎవరిలో ఈమె కూడా ఉందని అప్పుడు తెలిసింది.

"అఖర్ల కెల్లి చూద్దామా?" అన్నాను.

చివరి నుంచి రెండో మాట, జీబ్రా. ఖాతా తెరుచుకుంది. ఏళ్ల తరబడి ఆమె ఓర్చిన పొయ్యి సెగంతా తెర మీద చెక్కుచెదరకుండా ఉంది. నేను గట్టిగా అరిచాను. ఆమె అరవలేదు, కొంగుతో మొహం తుడుచుకుంది.

యంత్రం కొత్త పిన్ నంబరు పెట్టమంది. నేను అలవాటుగా చెయ్యి చాచాను. ఆమె దాన్ని నా చేతిలోంచి తీసుకుని, నాకు వీపు పెట్టి కూర్చుని, ఒక్కో అంకె నింపాదిగా నొక్కింది. నేను తొంగిచూడలేదు. గోడ వైపు తిరిగి, అయిపోయిందని ఆమె చెప్పేదాకా కూర్చున్నాను.